ముప్పై ఐదు ఫోర్కులు

సాయంత్రం పని ఆపగానే ఫిర్దోస్ చెక్క ఫోర్కులు లెక్కపెట్టింది. నలభై ఏడు. లెక్క తప్పిందేమోనని గోనెపట్టా మీద పదేసి చొప్పున పరిచి మళ్ళీ చూసింది. నలభై ఏడే.

ఆడబిడ్డ షరీఫా పెరట్లో తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటూ ఏదో పాట కూనిరాగం తీస్తోంది. మొదటిరోజు ఆమె చేసినవి ముప్పై, మర్నాడు ముప్పై నాలుగు, నిన్న నలభై ఒకటి. ఈరోజు ఇన్ని. ఫిర్దోస్ ఫోర్కులను సంచిలో వేసి అక్కడే కూర్చుండిపోయింది.

"ఏం మే షరీఫా, పాటలు పాడతా ఉండావు? పెళ్ళిగానీ కుదిరిందా ఏంది?" అంది నాగులమ్మ, ఒళ్ళోని చెక్కపొడి దులుపుకుంటూ. ఆమె పక్కవీధి మనిషి. చెంచాలను ఉప్పుకాగితంతో రుద్ది నునుపు చేయడానికి రోజూ వస్తుంది.

"కుదిరితే నీకు చెప్పకుండా ఉంటానా నాగులమ్మక్కా? కొత్త చీర నువ్వే పెట్టాల గదా!"

"పెడతాలే. పెళ్ళికొడుకుని నువ్వు ఎతుక్కో, చీర నేను ఎతుకుతా."

షరీఫా గట్టిగా నవ్వింది. ఫిర్దోస్ ఆ నవ్వును కూడా విన్నది. ఎంతసేపు నవ్విందో, ఎప్పుడు ఆపిందో గమనించింది. నాలుగేళ్ళుగా ఆమెకు అదే పని.

ఉదయగిరిలో ఆ ఇంట్లో మూడు తరాలుగా చెక్కతో చెంచాలు, గరిటెలు, దువ్వెనలు చేస్తున్నారు. కొండమీది నర్ది కర్రను ఫిర్దోస్ భర్త నిసార్ రంపం మిషన్ మీద కోసి ఆకారం తెస్తాడు. ఫోర్కులకు మాత్రం ముళ్ళు చీల్చాలి. సన్నటి చాకుతో, కర్ర పగలకుండా, నాలుగు ముళ్ళూ ఒకే మందంలో రావాలి. ఆ పని ఇంట్లో ఇద్దరికే వచ్చేది. నిసార్ తల్లికి, ఆమె దగ్గర నేర్చుకున్న షరీఫాకు. నాలుగేళ్ళ కిందట తల్లి చనిపోయింది.

ఆమె పోయిన రెండు నెలలకు ఒక ఎగ్జిబిషన్‌కు పెద్ద ఆర్డరు వచ్చింది. షరీఫా ఒక్కతే కూర్చుంది. రోజుకు ముప్పై చేసేది యాభై చేసింది, తర్వాత ఎనభై, వంద. నిద్ర పట్టడం లేదని చెప్పి తెల్లవారకముందే లేచి కూర్చునేది. ఇంట్లో అందరూ మురిసిపోయారు. నిసార్ వీధిలోవాళ్ళను పిలిచి మరీ చూపించాడు. "మా చెల్లెలి చెయ్యి మిషన్ కంటే జోరు" అన్నాడు. ఫిర్దోస్ గంటకోసారి టీ పెట్టి తెచ్చింది. అన్నం తినకపోతే, పనిమీద ధ్యాస ఉంది కదా అనుకుంది. ఎనిమిదోరోజు షరీఫా ఫోర్కులన్నీ సంచిలో వేసుకుని బస్టాండుకు వెళ్ళి కనిపించిన ప్రతి మనిషికీ ఒకటి పంచిపెట్టి, ఏదో బస్సెక్కింది. వింజమూరులో దొరికేసరికి కాళ్ళకు చెప్పులు లేవు. ఆపకుండా మాట్లాడి మాట్లాడి గొంతు పోయింది.

ఆ తర్వాత నెల్లూరులో ఇరవై ఆరు రోజులు ఆసుపత్రి. ఇంటికి వచ్చాక ఆరునెలలు మంచం దిగలేదు. ఆత్మకూరులో కుదిరిన సంబంధం విషయం తెలిసి తప్పిపోయింది. మాత్రలు మార్చారు, మోతాదు మార్చారు, ఒళ్ళు బరువెక్కింది, చేతులు వణికాయి. ఏడాదిన్నరగా మాత్రం నిలకడగా ఉంది. ఇన్నాళ్ళూ ఆమె చేతికి ఉప్పుకాగితమే ఇచ్చారు. ఫోర్కుల ఆర్డర్లు వచ్చినా చేయలేమని చెప్పేవారు. కారణం మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఈసారి నెల్లూరు వ్యాపారి మల్లికార్జున ఇరవై రోజుల్లో వెయ్యి ఫోర్కులు కావాలన్నాడు. నిసార్ ఒప్పుకుని వచ్చాడు. ఫిర్దోస్ వద్దంది. "నువ్వు దాన్ని జన్మంతా చెక్కపొడిలోనే కూర్చోబెడతావా?" అని నిసార్ ఎదురు అడిగాడు. షరీఫా చాకు పదును చూడటానికి బొటనవేలు అంచుమీద ఆనించినప్పుడు ఆమె ముఖం చూసి ఫిర్దోస్ ఇక వాదించలేకపోయింది. వాదించే ఓపిక కూడా లేదు.

ఇప్పుడు నలభై ఏడు.

ఆ సాయంత్రం అన్నాలు తింటుండగా ఫిర్దోస్ మెల్లగా కదిపింది. "రేపు ఆత్మకూరు పోయొద్దాం షరీఫా. డాక్టరుకు చూపిద్దాం."

షరీఫా చెయ్యి కంచంలో ఆగింది. "నా తేదీ ఇంకా రాలేదు గదా భాభీ?"

"ఒకసారి చూపించుకుంటే పోయేదేముంది?"

"ఎందుకు? పాట పాడినాననా?"

నిసార్ విసుక్కున్నాడు. "ఏందే నీ గోల? రోజంతా బంగారంగా పని చేసింది. ఒకరోజు పోతే యాభై ఫోర్కులు పోయినట్టే."

"అప్పుడు కూడా మీరు ఇట్టాగే అన్నారు" అంది ఫిర్దోస్.

షరీఫా కంచం కడిగిపెట్టి, రాత్రి మాత్రలు రెండూ వదిన ఎదుటే వేసుకుని, నోరు తెరిచి చూపించింది. చూపించమని ఎవరైనా అడిగి ఏడాది దాటింది. ఫిర్దోస్ తల తిప్పుకుంది.

పొద్దున బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నా షరీఫా కిటికీ వైపే చూస్తూ ఉంది. ఫిర్దోస్‌కు కునుకు పడుతోంది, మెలకువ వస్తోంది. ఎన్నోసారి ఇలా రావడం? మొదట్లో నెలకు రెండుసార్లు, తర్వాత నెలకోసారి, ఇప్పుడు రెండు నెలలకోసారి. ఈ దారిలో ఏ మలుపులో బస్సు ఊగుతుందో కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది. ఆమె పుట్టింటికి వెళ్ళి మూడేళ్ళయింది.

క్లినిక్‌లో నర్సు ఏంజెలిన్ వాళ్ళను చూసి నవ్వింది. "ఏమ్మా షరీఫా, ముందే వచ్చేసినావు? మా మీద అంత బెంగ పెట్టుకున్నావా?"

"నాకు లేదక్కా. మా వదినకి ఉండాది" అంది షరీఫా.

రక్తం తీసుకున్నారు. మాత్ర రక్తంలో సరిపడా ఉందో లేదో చూడాలన్నారు. రిపోర్టు వచ్చేదాకా బెంచీ మీద కూర్చుని, తర్వాత లోపలికి వెళ్ళారు. డాక్టరు నిద్ర గురించి అడిగాడు. ఏడు గంటలని షరీఫా చెప్పింది. అవునని ఫిర్దోస్ కూడా చెప్పింది. ఆకలి, కోపం, ఖర్చు, మాట వేగం ఒక్కొక్కటే అడిగాడు. రిపోర్టు చూశాడు.

"ఇప్పటికైతే భయపడాల్సిందేమీ కనపడలేదు. మాత్రలు ఇవే వాడండి."

"మరి నలభై ఏడు చేసింది గదా సార్" అంది ఫిర్దోస్. "అప్పుడు కూడా ఇట్టాగే మొదలయింది. ఎన్ని చేస్తే మంచిది, ఎన్ని చేస్తే జబ్బు? ఆ లెక్క చెప్పండి సార్, నేను దాన్ని పట్టుకుని కూర్చుంటా."

డాక్టరు నవ్వలేదు. "అట్లాంటి లెక్క నా దగ్గర లేదమ్మా. నిద్ర తగ్గితే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకండి, వచ్చేయండి."

షరీఫా కుర్చీ అంచున కూర్చుని ఉంది. "సార్, నేనొకటి అడగనా? నవ్వితే చూస్తారు. మాట్లాడకపోతే చూస్తారు. కూరలో ఉప్పెక్కువైతే డబ్బీ తీసి మాత్రలు ఎన్ని మిగిలినాయో చూస్తారు. నాలుగేళ్ళ తర్వాత నాకు పని చేతికొచ్చింది. సంతోషంగా ఉండాది. అది కూడా రక్తం తీసి చూపించాల్నా?"

ఫిర్దోస్‌కు ముఖం మీద కొట్టినట్టయింది. తను ఎంత జాగ్రత్తగా, ఎంత దొంగచాటుగా ఆ డబ్బీ తీసేదో గుర్తొచ్చింది.

బయటికి వచ్చాక ఏంజెలిన్ మందులచీటీ ఇస్తూ ఫిర్దోస్ చెయ్యి పట్టుకుంది. "అక్కా, నువ్వు బాగా చిక్కిపోయినావు. ఆ లెక్కేదో ఆమెనే అడుగు. జబ్బు లోపలికి పోయొచ్చిన మనిషి. దోవ ఆమెకు తెలిసినంతగా మనకు తెలవదు."

తిరుగు బస్సులో జనం లేరు. సగం దారి దాటాక షరీఫా తనే మాట కదిపింది.

"భాభీ, నీమీద కోపంతో అనలేదు."

"అన్నా తప్పులేదులే."

"ఒకటి చెప్పాల. చెప్తే మళ్ళీ చాకు లాక్కుంటారేమోనని భయంగా ఉండాది." షరీఫా కుడి అరచెయ్యి తెరిచి చూపించింది. బొటనవేలి కింద చర్మం ఎర్రగా కమిలి ఉంది. "ముప్పై ఐదు దాకా ఇక్కడ నొప్పి తెలుస్తా ఉండాది. చాకు ఇక్కడ ఒత్తుకుంటాది గదా. అమ్మీ కూడా నొప్పి రాగానే లేచి అటూ ఇటూ తిరిగేది. నిన్న నలభై దాటినాక నాకు నొప్పి తెలియలా. చెయ్యి దానిపాటికది పోతా ఉండాది. బో సుఖంగా అనిపించింది. అప్పుడు కూడా అంతే భాభీ. వేళ్ళు తెగి నెత్తురు కారినా నొప్పి తెలియలా."

ఫిర్దోస్ ఆ చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది. తన భయం నిజమేనని తేలింది. అయినా అందులో గెలిచినట్టు ఏమీ అనిపించలేదు.

"డాక్టరుకెందుకు చెప్పలేదు?"

"నాకే ఇప్పుడు తెలిసింది. బస్సులో కూర్చుని ఆలోచిస్తా ఉంటే." షరీఫా చెయ్యి వెనక్కి తీసుకుంది. "ముప్పై ఐదు చేస్తా. అంతకు మించి ఒక్కటి కూడా వద్దు. నేనే లేస్తా. నువ్వు లెక్కపెట్టబాకు."

ఫిర్దోస్ క్లినిక్‌కు ఫోన్ చేసి ఏంజెలిన్‌కు ఆ మాట చెప్పింది. ఆమె డాక్టరును అడిగి చెప్తానని పెట్టేసి, పది నిమిషాల్లో తిరిగి చేసింది. అట్లాగే ఆపమన్నారు, వారం తర్వాత మళ్ళీ రమ్మన్నారు.

మర్నాటి నుంచి షరీఫా అట్లాగే చేసింది. ముప్పై ఐదో ఫోర్కు కాగానే చాకు తుడిచి పక్కన పెట్టి లేచేది. ఒకరోజు మూడు గంటలకే అయిపోయింది. ఒకరోజు అయిదయింది. మరొకరోజు చేతిలో ఉన్న ముక్కకు రెండు ముళ్ళే చీల్చాక లెక్క తప్పిందని, అది ముప్పై ఆరోదని తెలిసి, దాన్ని సగంలోనే వదిలేసింది.

"రెండు ముళ్ళే గదా, పూర్తి చెయ్యి" అన్నాడు నిసార్.

"రేపు చేస్తా భయ్యా."

"రెండు నిమిషాల పని!"

"అందుకే వద్దంటుండా."

నిసార్ మిషన్ ఆపేసి భార్య వైపు చూశాడు. ఫిర్దోస్ ఉప్పుకాగితం మడత మార్చి తన పని తను చేసుకుంది. మధ్యలో ఆమె కళ్ళు సంచి వైపు పోయేవి. లెక్కపెట్టకుండా ఉండటం, లెక్కపెట్టడం కంటే కష్టంగా ఉంది.

వారం తర్వాత ఇద్దరూ మళ్ళీ ఆత్మకూరు వెళ్ళివచ్చారు. మాత్రలు మార్చలేదు. గడువు ఇంకా ఆరు రోజులుందనగా మల్లికార్జున ఫోన్ చేశాడు. నిసార్ నడవలో నిలబడి మాట్లాడాడు. ఎంత అయిందని అవతల అడిగినట్టుంది.

"లేదు సార్, కర్ర తడిసిపోయింది. మొన్న వానకి. ఆరబెడతా ఉండాం... మిషన్ కూడా ఒకరోజు..."

షరీఫా లేచి వెళ్ళి చెయ్యి చాపింది. నిసార్ తల అడ్డంగా ఊపాడు. ఆమె చెయ్యి దించలేదు. చివరికి అతనే ఫోన్ ఇచ్చాడు.

"సార్, నేను నిసార్ చెల్లెల్ని. ముళ్ళు చీల్చేది నేనే. కర్ర బాగానే ఉండాది. నాకు మనసు జబ్బు ఉండాది సార్, మాత్రలు వాడతా ఉండా. రోజుకు ముప్పై ఐదే చేస్తా. గడువుకి ఆరొందలు దాటతాయి, వెయ్యి కావు. చేసినవాట్లో మాత్రం ఒక్కటి కూడా మీరు ఎనక్కి పంపేపని ఉండదు."

నాగులమ్మ ఉప్పుకాగితం రుద్దడం ఆపి నోరు తెరుచుకుని చూస్తోంది. అవతలి గొంతు ఏదో చాలాసేపు మాట్లాడింది. షరీఫా "సరే సార్, సరే సార్" అంటూ విని, ఫోన్ అన్నకిచ్చింది.

"ఏమన్నాడు?" అన్నాడు నిసార్.

"గడువుకి ఎన్నయితే అన్ని తీసుకుంటాడంట. మిగతావి వేరేవాళ్ళ దగ్గర చేయించుకుంటాడంట. ఇంకమీదట పెద్ద ఆర్డరు మనకియ్యడం కష్టమంట. ఆరోగ్యం జాగ్రత్త అన్నాడు."

"ఊరంతా చెప్పినట్టే ఇంక" అంటూ నిసార్ చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. అతను వెళ్ళాక నాగులమ్మ గొంతు సవరించుకుని, "నాకు మాత్రం తెలియదా ఏంది? వీధిలో అందరికీ తెలుసు. మీరే దాచినామనుకుంటా ఉండారు" అని, మళ్ళీ చెంచా రుద్దడం మొదలుపెట్టింది.

షరీఫా తన పీట మీద కూర్చుంది. చాకు తీసుకోలేదు. కాసేపటికి ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కారాయి. తుడుచుకోబోయి, ఫిర్దోస్ తననే చూస్తున్నదని గమనించి ఆగింది.

"ఇది జబ్బు కాదు భాభీ. ఏడుపే."

"తెలుసులే. ఏడువు" అంది ఫిర్దోస్.

నిజంగా తెలిసే అన్నదో, ఇక చూసే ఓపిక లేక అన్నదో ఆమెకే తేలలేదు. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. లేచి బియ్యం కడగడానికి వెళ్ళింది.