అలవాటు పడే వారాలు

క్రెష్‌లో మూలనున్న కుర్చీ పిల్లల కొలతలకు చేసినది. పెద్దవారు కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. వీబ్కె ఆ కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టి మూడో వారం నడుస్తోంది. నియమం సులభమైనదే. బిడ్డను చేర్పించిన తల్లి గానీ తండ్రి గానీ, ఇద్దరిలో ఒక్కరే, రోజూ వచ్చి మూల కూర్చోవాలి. బిడ్డను ఆడించకూడదు, పుస్తకం చదవకూడదు, ఫోన్ చూడకూడదు. గదిలో ఒక బీరువా ఉన్నట్టు ఉండాలి. ఆ బీరువాను చూసి చూసి బిడ్డ విసుగెత్తి, టీచరు ఒడిలోకి తానై వెళ్లిననాడు తల్లి లేచి, వెళ్తున్నానని బిడ్డ ముఖం చూసి చెప్పి, తలుపు అవతలికి నడవాలి. ఎంతసేపు అవతల ఉండవచ్చునన్నది బిడ్డ ఏడుపు నిర్ణయిస్తుంది.

ఆమె కూతురు, ఏడాదిన్నర యెట్టెకు విసుగు పుట్టే సూచనలేవీ కనిపించలేదు. పిల్ల బొమ్మలను ఒక్కొక్కటిగా తెచ్చి తల్లి ఒడిలో పోసేది. బీరువా నిండిపోయేది.

వీబ్కె, చర్చిల్లో గాలిగొట్టాలతో పలికే ఆర్గన్ వాద్యాలు తయారుచేసే కార్ఖానాలో గొట్టాలకు స్వరం పెట్టే మనిషి. తగరం, సీసం కలిపి పోసిన రేకును చుట్టి చేసిన గొట్టం మూగదిగానే పుడుతుంది. దాని పెదవిని కత్తిమొనతో వెంట్రుకవాసి వంచి, గాలి ఊది, విని, మళ్లీ వంచి, మళ్లీ విని, అప్పుడు దానికి గొంతు తెప్పించాలి. ఇన్నేళ్లూ ఆమె యజమాని డిర్క్స్ తేల్చిన స్వరాలనే గొట్టాలకు పెట్టింది. ఒక చర్చి ఆర్గన్ మొత్తం ఎలా పలకాలో తేల్చే అధికారం ఆమెకు ఎన్నడూ రాలేదు. కిందటి వసంతంలో, యెట్టెను ఎత్తుకుని ఊరికే చూసిపోదామని కార్ఖానాకు వెళ్లినప్పుడు, డిర్క్స్ పిల్లకు ఒక చెక్కముక్క ఇచ్చి ఆడించి, తలెత్తకుండానే చెప్పాడు.

"పై స్వరాలు నాకు వినిపించడం లేదమ్మాయ్. వినిపిస్తున్నట్టు నటిస్తున్నాను కొంతకాలంగా. తీరప్రాంతం చర్చిది నువ్వే చెయ్యి."

షరతు ఒకటే ఉంది, అది డిర్క్స్ పెట్టినది కాదు. వెచ్చటి గాలిలో గొట్టం శ్రుతి పెరుగుతుంది. అక్టోబరు చివరి ఆరాధనకు చర్చిలో హీటర్లు వెలిగిస్తారు. పని ఆలోగా ముగియాలి, లేదా వసంతం దాకా ఆగాలి. వసంతం దాకా ఆగే ఓపిక చర్చి సంఘానికి లేదు. వీబ్కె రాలేకపోతే హాంబర్గ్ నుంచి ఒకతన్ని పిలిపిస్తామని వాళ్లు మర్యాదగానే చెప్పారు. అతని పనితనం మీద వీబ్కెకు గౌరవం ఉంది. అందువల్ల బాధ మరింత ఎక్కువైంది.

పొరపాటు ఒక మంగళవారం ఉదయం జరిగింది. యెట్టె తల్లికి వీపు పెట్టి, చెస్ట్‌నట్ గింజలను ఒక గిన్నెలోంచి మరో గిన్నెలోకి ఒంపుతోంది. అంత తన్మయత్వం ఆ గదిలో ఆమె ఎన్నడూ చూపలేదు. అప్పుడే జేబులో ఫోన్ వణికింది. చర్చి సంఘంవాళ్లు వచ్చి ఉన్నారనీ, ఒక్క అరగంట వచ్చి వాళ్లకు ధైర్యం చెబితే చాలుననీ డిర్క్స్ రాశాడు. టీచరు ఓంకెన్ పక్క గదిలో మరో బిడ్డకు బట్టలు మారుస్తోంది. వెళ్తున్నానని చెబితే యెట్టె ఏడుస్తుంది. చెప్పకపోతే గింజలు ఒంపుతూనే ఉంటుంది. వీబ్కె లేచి, బూట్లు చేతిలో పట్టుకుని, మేజోళ్లతోనే తలుపు దాటింది.

తిరిగి వచ్చేసరికి యెట్టె గొంతు బొంగురుపోయి ఉంది. ఆ తర్వాత ఆమె గింజలవైపు చూడలేదు. తల్లి స్వెటర్ అంచును పిడికిట్లో పట్టుకుని కుర్చీ పక్కనే నిలబడింది. తల్లి స్నానాలగదికి వెళ్తే తలుపు దగ్గర పడుకుని ఏడ్చింది.

ఓంకెన్ కోపగించుకోలేదు. ఇరవై ఏళ్లుగా ఎందరో తల్లులను చూసిన అలసట మాత్రం ఆమె గొంతులో ఉంది.

"ఏడిపించి వెళ్లడం తప్పేం కాదండీ. ఏడుస్తారు, మానేస్తారు. చెప్పకుండా వెళ్లడమే కూడదు. ఇంక మీరు కూర్చున్నంతసేపూ మీరు లేస్తారేమోనని కాపలా కాస్తుంది. కాపలా కాసే పిల్ల ఆడుకోదు."

మరో వారం అలాగే గడిచింది. అత్తగారు గెజీన ఆదివారం టీకి వచ్చి, వేడి టీ పోసిన గిన్నె అడుగున కలకండ పలుకు చిటపటలాడుతుండగా, తన కాలంలో ఇలాంటి వారాలేవీ లేవనీ, పిల్లలు ఇంట్లోనే అలవాటు పడేవారనీ అంది. పిల్లను వదిలి పనికి పోయే ఆడదాన్ని ఈ ప్రాంతంలో, పిల్లల్ని గూట్లో వదిలేసే కాకితల్లి అనేవారనీ, తాను మాత్రం ఆ మాట అనడం లేదనీ కూడా అంది. వీబ్కె ఆమెకు మూడో గిన్నె నింపింది.

సోమవారం ఓంకెన్ ఒక మార్గం చెప్పింది. మనిషిని మార్చాలి. తండ్రి వచ్చి మొదటి రోజు నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. తల్లి ఆ వారాల్లో క్రెష్ గుమ్మం తొక్కకూడదు. పిల్ల ఏడిస్తే ఫోన్ కూడా తండ్రికే వెళ్తుంది.

వీబ్కె భర్త హైకో సముద్రపు కరకట్ట సంఘంలో ఇంజనీరు. శీతాకాలపు ఉప్పెనలకు ముందు సంఘం పెద్దలూ రైతులూ కలిసి వారంపాటు కట్ట పొడవునా నడుస్తారు. కర్రలతో గడ్డిని పొడుస్తూ ఎలుకబొరియలు వెతుకుతారు. చివరన సత్రంలో కేల్ కూర, సాసేజ్ తింటూ ఆ సంవత్సరపు నిర్ణయాలు చెప్పుకుంటారు. ఈసారి సంఘానికి నాయకుడైన ముసలి కట్టపెద్ద దిగిపోతున్నాడు. తర్వాతి పేరు హైకోదేనని అందరూ అనుకుంటున్నారు. కానీ ఆ వారం నడవని మనిషి పేరు ఎవరూ ఎత్తరు. అది ఎక్కడా రాసి లేదు, అందరికీ తెలుసు.

"నువ్వు కూర్చోవాలి," అంది వీబ్కె.

"కట్ట నడక ఆ వారాల్లోనే."

"తెలుసు."

"తెలిసే అడుగుతున్నావా?"

"తెలియకపోతే అడగడం సులువుగా ఉండేది."

హైకో గిన్నె కడుగుతున్నాడు. కడిగిన గిన్నెనే మళ్లీ కడిగాడు. "సముద్రం మన పిల్ల కోసం ఆగదు వీబ్కె."

"ఆగుతుంది. దానికి కట్ట ఉంది. నువ్వు కర్రతో పొడవకపోయినా ఉంటుంది, ఇంకెవరో పొడుస్తారు. నేను వెళ్లకపోతే ఆ గొట్టాలు హాంబర్గ్ మనిషి చెప్పినట్టు పలుకుతాయి. నలభై ఏళ్లు అలాగే పలుకుతాయి. నేను ప్రతి ఆదివారం పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని వినాలి."

"నువ్వు చర్చికెప్పుడు వెళ్లావని?"

"అది వేరే సంగతి."

ఇద్దరికీ కొంచెం నవ్వు వచ్చింది, కాని నవ్వే ఓపిక లేక అది అక్కడే ఆగిపోయింది. మర్నాడు ఉదయం హైకో నడవాలో నిలబడి ఆఫీసుకు ఫోన్ చేశాడు. పాపకు చెవినొప్పనీ, కొన్నాళ్లు రాలేననీ చెప్పడం వీబ్కెకు వినిపించింది. నా భార్యకు పని ఉంది అనే చిన్న వాక్యం అతని నోట రాలేదు. సరిదిద్దుదామని ఆమె నడవాలోకి రెండడుగులు వేసి, తిరిగి వంటగదిలోకి వచ్చేసింది.

చర్చిలో చలి సమంగా ఉంది. ఈ పనికి కావలసింది అదే. వీబ్కె గొట్టాల మధ్య దూరి నిలబడితే, కింద మీటలు నొక్కే పని డిర్క్స్ తనే తీసుకున్నాడు. మొదటి రోజు ఆమె పెద్దగా ఏమీ సాధించలేదు. ప్రతి గొట్టమూ పలకడానికి ముందు సన్నగా గాలి పీల్చినట్టు చప్పుడు చేస్తుంది. స్వరం పెట్టేవారి చెవి పట్టుకోవలసింది ఆ మొదటి క్షణాన్నే. ఆమె చెవికి మాత్రం అది పిల్ల ఏడుపుకు ముందు తీసే ఊపిరిలా వినిపించింది. కత్తి పట్టిన చెయ్యి ప్రతిసారీ ఆగిపోయింది. ఫోన్ తనకు రాదని తెలిసీ పనిముట్ల పెట్టె మీద ఉంచిన ఫోన్ వంక చూసింది.

"వినిపిస్తోందా?" కిందినుంచి డిర్క్స్ అడిగాడు.

"వినిపిస్తోంది. దాంతోపాటు ఇల్లు కూడా."

డిర్క్స్ మీట మీంచి వేలు తీశాడు. గాలితిత్తి చప్పుడు మాత్రం మిగిలింది. "నాకు ముగ్గురు పిల్లలు. పనిలో ఉండగా ఇల్లు ఒక్కనాడూ వినిపించలేదమ్మాయ్. నా చెవి గొప్పదని అందరూ అనేవారు, నేనూ అనుకున్నాను. మా ఆవిడ వినేది కాబట్టి నాకు వినిపించలేదు." వేలు తిరిగి మీట దగ్గరికి తెచ్చి, "అదే మీట మళ్లీ నొక్కనా?" అన్నాడు.

నొక్కమంది. ఆ ఒక్క గొట్టం మీద మధ్యాహ్నం దాకా పనిచేసింది. దాని ఊపిరిని పూర్తిగా చెరపకుండా, స్వరానికి ముందు కాస్త మిగలనిచ్చింది. మిగతావన్నీ దాన్నిబట్టి నడిచాయి. వారం చివరికి ఒక వరుస ముగిసింది, రెండోది సగమైంది. ఇక హాంబర్గ్‌కు ఫోన్ చేయనక్కరలేదని డిర్క్స్ చర్చి సంఘానికి చెప్పాడు.

క్రెష్‌లో పని అంతకంటే వేగంగా ముగిసింది. యెట్టె తండ్రి కుర్చీని కాపలా కాయలేదు. ఊరి తోటలో ఎదురుపడినప్పుడు ఓంకెన్ వీబ్కెతో, "మీ ఆయనకు ఏమీ చేయకుండా కూర్చోవడం బాగా వచ్చండీ. మగవాళ్లలో అదేమంత అరుదు కాదులెండి," అంది. పిల్ల ఇప్పుడు మధ్యాహ్నం అక్కడే నిద్రపోతోందట.

వారం సాగిన కట్ట నడకకు హైకో వెళ్లలేకపోయాడు, అది ముగిసే శనివారం కూడా. ఆ ఉదయం యెట్టెకు నిజంగానే జ్వరం వచ్చింది, వీబ్కె చర్చిలో ఉంది. మధ్యాహ్నం ఆమె తిరిగి రాగానే అతను సత్రానికి, భోజనానికి మాత్రం వెళ్లాడు. చీకటి పడే వేళకు తిరిగి వచ్చి, కోటు విప్పకుండానే బల్ల దగ్గర కూర్చున్నాడు. పేరు మరొకరిది వచ్చింది. చెవినొప్పేమీ లేదని గెజీన రొట్టెల దుకాణంలో చెప్పేసిందట; బూరలు ఊదే పెళ్లాం కోసం మగాడు ఉయ్యాల ఊపుతున్నాడని రైతులు అన్నారట.

"నువ్వేమన్నావు?"

"నవ్వాను."

ఆమె ఎదురు కుర్చీ లాగి కూర్చుంది.

"తర్వాత, చెవినొప్పి అబద్ధమని చెప్పాను," అన్నాడు హైకో. "అప్పటికి అందరూ కూర వడ్డించుకుంటున్నారు. ఎవరూ వినలేదనుకుంటా."

కోటుతోనే బల్ల మీద చేతులు పెట్టుకుని, వాటి మీద తల ఆనించాడు. కాసేపటికి ఊపిరి నిద్రతో బరువెక్కింది. లోపలి గదిలో యెట్టె లేచింది. వీబ్కె వెళ్లి ఎత్తుకుంది. ఒళ్లు ఇంకా వేడిగానే ఉంది. పిల్ల ఆమె ముఖం చూసి, భుజం మీదుగా తలుపువైపు వంగి, పాపా, పాపా అని తండ్రిని పిలిచింది.

వీబ్కె అతన్ని లేపలేదు. తలుపు దగ్గరగా మూసి, కిటికీ పక్కన నిలబడి, పిల్లను ఆ భుజం మీంచి ఈ భుజం మీదికి మార్చుకుంది. యెట్టె తండ్రి కోసం తల్లి మెడలో ముఖం పెట్టుకుని ఏడ్చింది. వీబ్కె ఏదో ఒక స్వరం పట్టి కూనిరాగం తీయబోయింది. మధ్యాహ్నం దాకా స్వరాలు విన్న చెవిలో ఒక్కటీ మిగిలిలేదు. ఊరికే నడిచింది. పిల్ల ఏడుపు ఎక్కిళ్లలోకీ, ఎక్కిళ్లు నిద్రలోకీ దిగాక కూడా, కూర్చుంటే లేస్తుందేమోనని నడుస్తూనే ఉంది.