మరిడమ్మ మీద మంచు

మధ్యాహ్నం తిండి అయ్యాక మోహనప్రియ ముందుగదిలో లాప్‌టాప్ తెరుస్తుంది. ఆఫీసు మలేషియాలోని సైబర్‌జయలో, ఇల్లు బటాంగ్ బెర్జుంటై పామాయిల్ తోటల పక్కన. జవాబు చెప్పేది మాత్రం ఎక్కడో చలిదేశంలో, కొండమీది హోటలుకి వచ్చే ఫోన్లకి. దారి బాగుందా, గాలి ఎలా ఉంది, ఎక్కొచ్చా, ఇవే ప్రశ్నలు.

ఆ కొండకి మంచు తుఫాను వచ్చే ముందు ఆమె మామ్మ మరిడమ్మ మీద మంచు కురుస్తుంది. మనవరాలు ఈ ఉద్యోగంలో చేరినప్పటినుంచీ అంతే. పక్కింటి శివగామి గిన్నెతో వచ్చి ఆ మంచు ఎత్తుకుపోయి, పిల్లలకి రోజా సిరప్ పోసి పెడుతుంది. "పాట్టి మంచు భలే మెత్తన లా," అంటుంది, మామ్మని తన తమిళంలో పిలుస్తూ. మోహనప్రియ మామ్మ తల చూసి, స్క్రీన్ చూడకుండానే, "ఇవాళ ఎక్కకండి," అని చెప్పేస్తుంది.

ఆ రోజు టీమ్ లీడర్ యోగేశ్వరన్ వీడియోలో కూర్చుని ఆమె ఫోన్లు వింటున్నాడు. ఆయనకి నచ్చితే ఉద్యోగం ఖాయం. ఇద్దరు పిల్లలతో హోటలు నుంచి కొండ కొసకి బయల్దేరిన ఒకామె లైనులో ఉంది. స్క్రీన్ మీద ఆ కొండపై ఆకాశం నీలంగా ఉంది. చూసి చెప్తానని మోహనప్రియ ఆమెని ఆగమంది.

లోపల్నుంచి మరిడమ్మ వచ్చింది. జుట్టునిండా మంచు. పాత చీర తడిసి ఒంటికి అంటుకుపోయింది.

"ఒలమ్మీ, సాలా మంచు వచ్చేస్తంది. ఆ పిల్లని ఎక్కొద్దని సెప్పు, బేగి!"

"ఎవరది? ఏ భాష అది?" అన్నాడు యోగేశ్వరన్.

ఆఫీసులో మోహనప్రియ తమిళమే మాట్లాడుతుంది. ఇంట్లో ఇంకో భాష ఉందని ఎవరికీ చెప్పలేదు. చెంపలు కాలిపోయాయి.

"పనిమనిషి సార్," అంది తమిళంలో.

తమిళం మరిడమ్మకి బాగా వచ్చు. లోపలికెళ్ళి తలుపు తనే వేసుకుంది.

"దారి బాగుందండీ, వెళ్ళొచ్చు," అని మోహనప్రియ లైనులో ఉన్నామెకి చెప్పింది. యోగేశ్వరన్ బాగుందన్నట్టు తలూపాడు.

కాసేపటికి శివగామి గిన్నెతో వచ్చి లోపలి తలుపు తోసింది.

"అయ్యయ్యో! ఇటు రా పిల్లా!"

ఎప్పుడూ అంత కురవలేదు. మరిడమ్మ మంచం మీద నడుం దాకా మంచులో కూర్చుని గోడవైపు చూస్తోంది.

మోహనప్రియ పరిగెత్తుకొచ్చి ఆ నంబరుకే ఫోన్ చేసింది.

"వెనక్కి తిరగండి! పిల్లల్ని తీసుకుని దిగిపోండి."

"ఎండగా ఉందే? ఎవరు చెప్పారు?"

యోగేశ్వరన్ వింటున్నాడు.

"మా మామ్మ. ఆవిడ మీద నడుం దాకా కురిసింది."

"నడుం దాకానా! అయితే దిగిపోతున్నాం," అందామె.

"పనిమనిషన్నావు కదమ్మా," అన్నాడు యోగేశ్వరన్ మెల్లగా.

"మా నాన్నకి తల్లి సార్."

చూడకూడనిదేదో చూసినట్టు ఆయన చూపు తిప్పుకుని కెమెరా ఆపేశాడు.

సాయంత్రానికి తుఫానులో కొండ కనిపించకుండా పోయింది. ఫోన్ చేసినామె పిల్లలతో తిరిగి హోటలు చేరానని మెసేజ్ పెట్టింది.

లోపలి గదంతా నీళ్ళు. మోహనప్రియ తువ్వాలు పట్టుకుని మంచం దగ్గర నేల మీద కూర్చుంది.

"మామ్మా, ఆ పిల్ల దిగిపోనాది," అంది, మాటలు వెతుక్కుంటూ తెలుగులో.

"మంచిది."

చలికి పాలిపోయిన ఆ పాదాలు తుడవబోయింది. మరిడమ్మ కాళ్ళు మెల్లగా చీర కిందకి లాక్కుంది.

"తువ్వాలు అక్కడెట్టెయ్యండమ్మా," అంది. "నాను తుడుసుకుంటాను."