చేప కన్ను

పొద్దున్నుంచి చిన్నికి కాలు ఒకచోట నిలవడం లేదు. పిల్లల గ్రంథాలయం గోడకి రేకులో కోసి పెట్టాల్సిన పెద్ద చేపను కంప్యూటర్లో తొలిసారి ఒక్కతే గీసింది, అక్క పక్కన లేకుండా! అక్కకి వేరే ఊళ్లో డిజైన్ పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చింది. "ఒక్క పని నువ్వొక్కదానివే పూర్తిచేసి చూపించు, వెళ్తా. లేదంటే లేదు," అని తేల్చేసింది. మహాతల్లి, అన్నంత పనీ చేస్తుంది.

చేప అదిరింది. తోక ఒంపు చూస్తే ఈదుకుంటూ పోతుందేమో అనిపించింది. తీరా రంగు నింపితే కన్ను మూసుకుపోయింది! రంధ్రంగా మిగలాల్సిన లోపలి గుండ్రం కూడా నల్లగా నిండిపోయింది. చెరిపి మళ్లీ గీసింది. మళ్లీ అంతే. దీన్ని పంపితే రేకు కోసే మేస్త్రీ పడీపడీ నవ్వుతాడు. అక్కని అడిగితే అక్క ఉద్యోగానికి వెళ్లకుండా ఆగిపోతుంది. చిన్నికి ఏడుపొక్కటే తక్కువ.

పాత బొమ్మలు తెరిచి, ఏ గీత ఎటు నడిచిందో చూపించే బాణాలు పెట్టింది. బయటి గీతలన్నీ గడియారం ముల్లులా తిరిగాయి, రంధ్రాలన్నీ దానికి ఎదురు. బయటి గీతలు అక్కవి, రంధ్రాలు తనవి. ఎప్పుడూ పని అలాగే పంచుకునేవాళ్లు. అక్కది ఎడమచేతి వాటం, తనది కుడి, అందుకే ఇద్దరి గీతలూ చెరోవైపు తిరిగేవి. రెండు గీతలూ ఎదురెదురుగా నడిస్తేనే ఈ కంప్యూటర్ మధ్యది ఖాళీ అనుకుంటుంది. ఈసారి రెండూ తనే గీసింది, రెండూ ఒకేవైపు నడిచాయి.

"ఓరి నీ దుంపతెగ!" అంటూ కంటి గీతను వెనక్కి తిప్పింది. కన్ను టక్కున తెరుచుకుంది. చిన్ని ఎగిరి గంతేసింది, కుర్చీ వెల్లకిలా పడింది. లేపే ఓపిక ఎవరికుంది? బొమ్మ పంపింది. కాసేపటికి మేస్త్రీ ఫోను చేశాడు. "బ్రహ్మాండంగా ఉందమ్మా, కోసేస్తున్నా."

వెంటనే అక్కకి ఫోను చేసి గుక్క తిప్పుకోకుండా చెప్పింది. అక్క పకపకా నవ్వింది.

"ఇన్నేళ్లు గీశాను, నాకే తెలీదు కదే! ఇంక నేను లేకపోయినా పనాగదన్నమాట."

"ఆగదు!" చిన్ని సంబరంగా అరిచింది.

"అయితే వస్తున్నానని ఇప్పుడే ఆ ఉద్యోగం వాళ్లకి చెప్పేస్తా."

పొద్దున్నుంచి దీనికోసమే కదా తను తంటాలు పడింది. అయినా ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, పడిన కుర్చీని మెల్లగా లేపి నిలబెట్టింది.

"ఏమే, ఉన్నావా?"

"ఉన్నా. చెప్పెయ్యక్కా," అంది చిన్ని. "ఇవాళే చెప్పెయ్. రేపటికి నేను నిన్ను వెళ్లనివ్వకపోవచ్చు."