నాలుగు వేళ్ళ వదులు

నేను ఒక చక్రాన్ని. అయితే నేలమీద పొర్లాడే జాతిదాన్ని కాను. ఆ నాలుగూ బురదలోను, పేడలోను, కంకరలోను దొర్లుతూ ఉంటే, అవి ఎటు దొర్లాలో సెలవిచ్చే ఐదవ చక్రాన్ని. లోకులు నన్ను స్టీరింగ్ అంటారు. బండిలో ఏ వంకర కనిపించినా మొట్టమొదట నా పేరే ఎత్తుతారు. ఏలుబడిలో ఉన్నవారికి నిందలు తప్పవు కనుక ఓర్చుకున్నాను.

ఉక్కు కడ్డీని వలయంగా వంచి, దాని మీద నల్లని తొడుగు పోతపోసి నన్ను తయారుచేశారు. నాగరికులు ఎస్‌యూవీ అని పిలిచే ఏడు సీట్ల ఏనుగుకు నన్ను మావటిగా బిగించారు. నన్ను మొదట కొన్నది కాకినాడలోని ఒక కంట్రాక్టరు. నాకు ఎర్రని మఖమలు తొడిగించి, వెనక సీట్లో కూర్చున్నాడు. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా నన్ను ముట్టుకోలేదు. ఆ తరువాత ఒక ఆఫీసుకు అద్దెకు తిరిగాను. అక్కడ డ్రైవర్లు ఋతువుల్లా మారేవారు. వచ్చిన ప్రతివాడూ ముందువాడు నన్ను పాడుచేసి పోయాడని ప్రమాణం చేసి, తన వంతు పాడుచేసి పోయేవాడు.

అప్పుడు నా జీవితంలోకి కొవ్వూరి ఆదిమూర్తి వచ్చాడు.

రంపచోడవరంలో ఆయనది స్టీలు, అల్యూమినియం సామాన్ల వ్యాపారం. వెనక సీట్లు పీకించి, బండి నిండా డేక్సాలు, గిన్నెలు నింపుకుని వారం వారం కొండమీది సంతలకు వెళ్ళేవాడు. వచ్చిన రోజునే నా మఖమలు చింపి పారేసి, ఒట్టి చేతులతో నన్ను పట్టుకున్నాడు. ఆ స్పర్శకు నేను దాసోహమన్నాను. పన్నెండేళ్ళు ఆ రెండు చేతులూ నావి.

మా అనుబంధానికి ఒక రహస్యం ఉండేది. ఏటేటా నాలో కొంత వదులు చేరుతూ వచ్చింది. మొదట ఒక వేలు, తరువాత రెండు. చివరికి నన్ను నాలుగు వేళ్ళ మేర తిప్పినా ముందు చక్రాలకు ఆ వార్త అందేది కాదు. మరొకడైతే భయపడేవాడు. ఆదిమూర్తి మలుపు రాకముందే మలుపును తలచుకుని, నాలుగు వేళ్ళు ముందుగానే తిప్పి సిద్ధంగా ఉండేవాడు. ఏడాదికొకసారి బానెట్ ఎత్తి, నా తిప్పుడును ముందు చక్రాలకు చేరవేసే గేర్‌పెట్టె మీద ఉన్న ఒక మరను పావు చుట్టు బిగించి, వైద్యం చేశానని తృప్తిపడేవాడు. దానివల్ల వదులు తగ్గలేదు సరికదా, మలుపు దాటాక నేను నా అంతట నేను తిన్నగా రావడం మానేశాను. ఆయనే నన్ను లాగి తెచ్చుకోవాల్సి వచ్చేది. దాన్నీ ఆయన అనురాగంగానే స్వీకరించాడు.

"ఈ బండి నాకు తప్ప ఎవడికీ లొంగదండి," అని టీకొట్టు దగ్గర చెప్పుకునేవాడు. ఆ వాక్యాన్ని నేను మంగళసూత్రంలా ధరించాను.

సవతి ఒకతె లేకపోలేదు. ఆయన భార్య మంగతాయారు ఎడమ సీట్లో కూర్చునేది. ఘాట్ మధ్యలో డబ్బా తెరిచి పకోడీ అందించేది. ఆయన నన్ను ఒంటిచేతికి వదిలేసి రెండవ చేయి అటు చాచేవాడు. ఆ చేయి నాది. పకోడీలు తినడానికి దాన్ని నేను ఎవరికీ రాసివ్వలేదు. నేను చేయగలిగింది మాత్రం ఏముంది? సరిగ్గా ఆమె మాట్లాడబోయే సమయానికి గుంత వస్తే, ఒళ్ళంతా వణికించి ఆయన దృష్టిని నా వైపు తిప్పుకునేదాన్ని.

ఇలా ఉండగా, ఒకనాడు బండి పైన తాడు బిగిస్తూ ఆదిమూర్తి కిందపడ్డాడు. కుడి భుజం ఎముక విరిగింది. ఆరు వారాలు చేయి కదపరాదని డాక్టరు కట్టు కట్టాడు.

ఇందులో నాకు విరహం ఉంది. ఆ దంపతులకు అంతకంటె పెద్ద చిక్కు ఉంది. కొండమీది గురువారం సంతలో ఒక కట్టడి: ఎవరి కర్రలు పాతిన చోటు వారిదే, కాని వరుసగా మూడు సంతలు ఆ చోటు ఖాళీగా ఉంటే ఎవరైనా తమ కర్రలు పాతుకోవచ్చు. ఆదిమూర్తిది బస్సు ఆగే గట్టు పక్కన, దిగిన ప్రతి మనిషి కన్నూ ముందుగా పడే చోటు. రెండు సంతలు అప్పటికే పోయాయి. ప్లాస్టిక్ బకెట్ల వ్యాపారి ఒకడు ఆ చోటును అడుగులతో కొలిచి వెళ్ళాడని కబురు వచ్చింది.

"నేను తోలతానండి," అంది మంగతాయారు. పెళ్ళికి ముందు పుట్టింట్లో ట్రాక్టరు తోలిన మనిషి. లైసెన్సు కూడా ఉంది.

"ట్రాక్టరు వేరు, ఇది వేరు. ఇది నా మాటే వింటది."

"విననివ్వండి. నా మాట మీరు వినరు గానీ, బండన్నా వినకపోద్దా."

ఆమె నన్ను పట్టుకుంది. గాజులు నాకు తగిలి గలగలమన్నాయి. ఆ చేతులు బలమైనవని ఒప్పుకోవడానికి నాకు మనసు రాలేదు. ఆ నాలుగు వేళ్ళ ఖాళీని ఆమె చేతుల్లో పెట్టి తమాషా చూశాను. ఎడమకు తిప్పింది, బండి విననట్టు నటించింది. మరికాస్త తిప్పింది; ఒక్కసారిగా విని, మైలురాయి మీదికి ఉరికింది. జానెడు దూరంలో బ్రేకు పడింది. పక్కనున్న ఆదిమూర్తి ముఖంలో భయం కనిపించింది. దాని కింద ఒక చిన్న సంతోషం కూడా కనిపించింది. అది నాకూ ఉంది గనుక గుర్తుపట్టాను.

"చెప్పానా," అన్నాడాయన.

మంగతాయారు బండిని వెనక్కి తీసి రోడ్డు మీదికి తెచ్చింది. "మీరు పన్నెండేళ్ళుగా తోలతంది బండిని కాదండీ. మీ అలవాటుని," అంది. అక్కణ్ణుంచి పది మైళ్ళ వేగం దాటకుండా నన్ను నేరుగా దావీదు మేస్త్రి షెడ్డుకు తీసుకుపోయింది. అది బుధవారం. తెల్లవారితే మూడవ సంత.

దావీదు ఊళ్ళో పేరున్న మెకానిక్. యంత్రాన్ని చెవితో కంటె చేతితో ఎక్కువ వినేవాడు.

"గేర్‌పెట్టె అరిగిందిరా దావీదూ. ఇంకో చుట్టు బిగించు, సరిపోద్ది," అన్నాడు ఆదిమూర్తి, కట్టు లేని చేతితో బానెట్ చూపిస్తూ.

"మీరు బిగించిన చుట్లు చాల్లెండి. ఇంకోటి బిగిస్తే బండి తిన్నగా ఎల్లి గోదాట్లో దిగుద్ది. అమ్మా, మీరు సీట్లో కూకోండి. తాళం తిప్పండి, ఇంజను వద్దు. చక్రాలు నేలమీదే ఉండాలి. ఎడంపక్కకి ఓ రవ్వ, కుడిపక్కకి ఓ రవ్వ తిప్పతా ఉండండి. నేను చాలనేదాకా ఆపకండి."

ఆమె తిప్పుతూ ఉంది. దావీదు బండి కిందికి దూరి, చక్రాల దగ్గరి కీళ్ళను ఒక్కొక్కటే గుప్పిట పట్టి చూశాడు. "ఇది మంచిదే. ఇదీ మంచిదే." గేర్‌పెట్టెను చట్రానికి పట్టి ఉంచే బోల్టుల్లో ఒకటి వదులైందన్నాడు, దాన్ని బిగించాడు, నా వదులు మాత్రం పోలేదు. చివరికి బయటికి వచ్చి, బానెట్ లోపలికి చేయి పెట్టి, నా కాడ వెళ్ళి గేర్‌పెట్టెతో కలిసే చోట ఉన్న జాయింటును పట్టుకున్నాడు. బొటనవేలు దాని పై సగం మీద, చిటికెనవేలు కింది సగం మీద.

"తిప్పండమ్మా. ఇటు. మళ్ళీ అటు." కళ్ళు మూసుకున్నాడు. "ఇదిగో దొంగ. బొటనేలికి తెలుస్తంది, చిటికెనేలికి తెలవట్లేదు. పైనోడు తిరిగేస్తన్నాడు, కిందోడికి కబురే అందట్లేదు."

మా పన్నెండేళ్ళ రహస్యం, నా లాలిత్యం అని నేను మురిసిపోయిన ఆ నాలుగు వేళ్ళు, నావి కానే కావు. దుమ్మూ జిడ్డూ పట్టి, ఎవరి కంటా పడకుండా చీకట్లో బతికిన నిమ్మకాయంత ఇనపముక్క అరుగుదల అది. ఆయన నిత్యం మాట్లాడుకున్నది దానితో. నేను నడుమ నిలిచిన దుబాసీని.

సాయంత్రానికి కొత్త జాయింటు ఎక్కింది. విప్పేముందు సుద్దతో గీత గీసి పెట్టుకున్నందువల్ల నేను వంకర పోకుండా నా స్థానంలోనే నిలిచాను. ఆదిమూర్తి ఏటేటా బిగించిన మరను దావీదు వెనక్కి తిప్పి సరిచేశాడు. అరిగిన ముక్కను పాత ఇనుము డబ్బాలోకి విసిరేశాడు. మంగతాయారు నన్ను ఒక వేలు తిప్పింది. ఆ ఒక్క వేలికే చక్రాలు కదిలాయి.

మరునాడు పొద్దున్నే ఘాట్ ఎక్కాం. ఆమె తిప్పిన ప్రతిదీ నేను వెంటనే చేశాను, ఏడుస్తూనే చేశాను. ఎడమ సీట్లో ఆదిమూర్తి ప్రతి మలుపుకూ ముందే ఎడమచేతిని గాలిలో తిప్పుతున్నాడు.

"చెయ్యి దించండి. బండిలో ఒక్క డ్రైవరు చాలు," అంది ఆమె.

మేము చేరేసరికి ప్లాస్టిక్ బకెట్ల వ్యాపారి, మూడవ సంతకూ మేము రామని తేల్చుకుని, ఒక కర్ర పాతేసి, రెండవది ఎత్తి పట్టుకున్నాడు. మంగతాయారు అతని మోకాళ్ళకు మూరెడు దూరంలో, గట్టు అంచుకు సమానంగా బండిని ఆపింది. దిగి, "అన్నయ్యా, ఆ కర్ర కాస్త తీసుకోండి. మా డేక్సాలు దింపాలి," అంది. అతను నన్ను చూశాడు, ఆమెను చూశాడు, కర్ర పీక్కున్నాడు. చోటు నిలిచింది.

ఆరు వారాలు గడిచి కట్టు విప్పారు. ఆదిమూర్తి నన్ను పట్టుకున్న క్షణంలో నా ఆనందానికి మేర లేదు. కాని ఆ చేతులు ఇంకా నాలుగు వేళ్ళు ముందుగానే తిప్పుతున్నాయి. నేనేమో చెప్పింది చెప్పినట్టు చేసేదాన్ని అయిపోయాను. బండి రోడ్డు మీద పాములా సాగింది. ఇంట్లో చెప్పకుండా, అలాగే మెలికలు తిరుగుతూ దావీదు షెడ్డు చేరాడు.

"దావీదూ, కాస్త వదులు పెట్టరా. నాలుగొద్దు. రెండు వేళ్ళ మేర చాలు."

దావీదు చేతులు తుడుచుకున్నాడు. నవ్వలేదు. "బిగించడానికి నా దగ్గర పానాలున్నాయండి. వదులు చెయ్యడానికి లేవు. మళ్ళీ పన్నెండేళ్ళు తోలండి, అదే వస్తాది."

ఆదిమూర్తి పాత ఇనుము డబ్బా దగ్గరికి వెళ్ళి, అరిగిన జాయింటును వెదికి తీశాడు. గుప్పిట్లో అటూ ఇటూ ఆడించాడు, అది టకటకమంది. పంచె చెంగుతో దాని జిడ్డు తుడిచి, చొక్కా జేబులో వేసుకున్నాడు. పన్నెండేళ్ళలో ఆయన నా దుమ్ము తుడవడం నేను ఎరగను.

ఇప్పుడు గురువారాల్లో మంగతాయారే తోలుతుంది. ఆయన ఎడమ సీట్లో కూర్చుంటాడు. మలుపు వచ్చినప్పుడల్లా చేయి జేబు మీదికి పోతుంది; లోపల ఆ ముక్క మెల్లగా టక్కుమంటుంది. ఆమెకు వినిపించదు. నేను మాత్రం వింటూ, ఆమె చెప్పినంతే తిరుగుతూ, కొండ ఎక్కుతున్నాను.