పంజాలో బొంత

డేగ అని ప్లాంటులో అతనికి పేరు ఊరికే రాలేదు. ఊరందరి ఇళ్ళ చెత్తా లారీల్లో వచ్చి పడే లోతైన గుంటపైన, అద్దాల గదిలో కూర్చుని, ఏది తడి చెత్తో ఏది పొడి చెత్తో ఇట్టే చెప్పేస్తాడు. క్రేన్‌కి వేలాడే ఇనుప పంజాతో దాన్ని ఎత్తి, కలిపి, కొలిమిలో వేయడం అతని పని. ఆ మంటతో ఆవిరి, ఆవిరితో కరెంటు.

"నేను తుమ్మానంటే సగం ఊరికి దీపాలు ఆరిపోతాయి" అని అక్క దగ్గర కోతలు కోసేవాడు.

"అయితే జలుబు తెచ్చుకోకురా" అనేది అక్క.

అక్కకి మోకాలి ఆపరేషన్ అయింది. ఇంటికి తీసుకురావాల్సిన రోజుకి ముందటి సాయంత్రం, కర్రలతో తిరగడానికి చోటుండాలని, ఆమె మంచం కింద ప్లాస్టిక్ సంచుల్లో కట్టి ఉన్న మూటలన్నీ విప్పైనా చూడకుండా చెత్తలో పెట్టేశాడు. పోయిన అమ్మ బట్టలు కత్తిరించి అక్క ఏడాదిగా బొంత కుడుతోందని అతనికి తెలుసు. అది అల్మారాలో ఉందనుకున్నాడు. ఒక్క ఫోన్ చేసి అడిగితే పోయేది. మహానుభావుడికి అంత తీరికేదీ!

మర్నాటికి వాన పట్టి మూడు రోజులు. గుంటలో చెత్తంతా నాని ముద్దయింది. మధ్యాహ్నానికి కొలిమి వేడి తగ్గసాగింది. షిఫ్ట్ ఇంజనీరు ఫోన్ చేశాడు.

"పొడిది వెయ్యి, త్వరగా. ఇంకాస్త తగ్గితే టర్బైన్ ఆగిపోతుంది."

డేగ కన్ను, అప్పుడే లారీ దింపిన కుప్పలో బట్టల మూటలు పట్టుకుంది. ఎత్తాడు. ఒక మూట చిరిగి, సగం కుట్టిన బొంత కిందికి వేలాడింది. నడుమ అమ్మ ఆకుపచ్చ శాలువా ముక్క, చుట్టూ ఆమె పువ్వుల నైటీల ముక్కలు.

అక్క కుడుతున్నది అదే. పంజాని గుంట అంచున ఉన్న అరుగు మీదికి తిప్పి వదిలితే చాలు. కానీ ఇంజనీరుకి ఏమని చెప్పాలి? ఇంట్లో పారేసిన మూట కోసం పని ఆపాడంటే క్యాంటీన్‌లో నెల రోజులు నవ్వుకుంటారు. ఫోన్ మళ్ళీ మోగింది. అతను పంజాని కొలిమి మీదికి తిప్పి మీట నొక్కాడు.

వేడి పెరిగింది. టర్బైన్ ఆగలేదు. షిఫ్ట్ దిగేటప్పుడు ఉండబట్టలేక ఇంజనీరుతో సంగతి చెప్పాడు. ఆయన ముఖం చిన్నబోయింది.

"ఒక్క మాట చెప్పొచ్చుగా! నూనె బర్నరు వెలిగించేవాణ్ణి. అది ఉన్నదే అందుకు."

అతనికి ఆ మాట తట్టనే లేదు. పదకొండేళ్ళుగా ఆ బర్నరు అవసరం రానివ్వలేదని గొప్పలు చెప్పుకున్నవాడతను.

సాయంత్రం ఆస్పత్రి నుంచి వచ్చిన అక్క కర్రలు ఊనుకుంటూ గదిలోకి వచ్చి మంచం కిందికి చూసింది.

"నా మూటలేవిరా?"

"పారేశానక్కా. విప్పి చూడలేదు."

అక్క మంచం మీద కూర్చుని, దిండు గలీబు సర్దింది. తర్వాత కళ్ళు తుడుచుకుని అతన్ని పక్కన కూర్చోమంది. అతని కళ్ళల్లో నీళ్ళు చూసి వీపు నిమిరింది.

"ఏడవకు. తెలియక పారేశావు. తెలిసుంటే పారేసేవాడివా?"

"లేదక్కా" అన్నాడతను.