కుండ మీద కడుపుమంట

నేను ఒక స్టాప్‌వాచిని. గుండ్రటి స్టీలు ఒళ్లు, తల మీద బొత్తం, సెకనులో ఐదోవంతునైనా వదలని ముల్లు. గుంటూరులో ఒక కొట్లో నన్ను కొన్నది రెంటచింతల జోజిరెడ్డి మాస్టారు. డ్రిల్లు మాస్టారుగా రిటైరయ్యాక ఆయన బడి మైదానంలో పోలీసు ఉద్యోగాల కోసం పిల్లల్ని పరిగెత్తించేవాడు. భార్య మొహం కంటే నా మొహమే ఎక్కువ చూసేవాడు. అందుకు ఆవిడకు కోపం, నాకు గర్వం.

నా సుఖానికి అడ్డు ఒక్కటే, బడి ఆయా ఆరోగ్యమ్మ వరండాలో పెట్టే మట్టికుండ. పిల్లలు నన్ను చూసి భయపడేవాళ్లు, దాన్ని చూసి గుటకలు మింగేవాళ్లు. దానికి ముల్లు లేదు, లెక్క రాదు. ఐనా ప్రేమంతా దానికే. చెప్పడానికి సిగ్గెందుకు, కుళ్లిపోయేవాణ్ణి. మాస్టారి నియమం ఒకటే నా పక్షం.

"పరుగు మద్దెలో నీళ్లు తాగితే డొక్కలో పోటొస్తది. కుండ ముట్టుకున్నోళ్లు ఇంటికి పోవచ్చు" అనేవాడు. పైగా మధ్యాహ్నం మూడుగంటల ఎండలో పరిగెత్తితే, పరీక్షనాటి పొద్దుటి పరుగు మంచినీళ్ల ప్రాయమని ఆయన నమ్మకం.

ఆ ఏడు ఉగాది వెళ్లగానే శౌరీలు వచ్చింది. మిరపకోతలకు పోయే తల్లికి ఒక్కతే కూతురు. వయసు దాటిపోతోంది, ఇక ఇదే ఆఖరి అవకాశం. నాలుగు రౌండ్లు పదిన్నర నిమిషాల్లో తిరగాలి. మొదట్లో పదికే తిరిగేసింది. మే వచ్చేసరికి పదకొండు, పదకొండున్నర.

"ఈ వాచీ చెడిపోయింది" అన్నాడు మాస్టారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు! మాచర్లలో బాగుచేసేవాడు నన్ను విప్పి చూసి, ఏ లోపమూ లేదని నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. తప్పంతా పిల్లదే అనుకున్నాను, కుండనే చూస్తోంది కదా.

మర్నాడు మూడో రౌండులో ఆమె చెమట ఆరిపోయింది. ఒంటిమీద రోమాలు నిక్కబొడిచాయి.

"మాస్టారూ, చలేస్తాంది" అంది.

"ఇంకొక్క రౌండే! ఆగితే ఉజ్జోగం పోద్ది!" అన్నాడాయన, కన్ను నా మీంచి తీయకుండా. నిజం చెప్పాలి, నాకు ఆ క్షణం ఎంతో హాయిగా ఉంది. ఆమె నాలుగడుగులు వంకరగా వేసి కూలిపోయింది.

కుండ ఎత్తుకుని ఆరోగ్యమ్మ పరుగెత్తుకొచ్చింది. "నీ గడియారం తగలెయ్య! పిల్ల ఒళ్లు పెనంలా కాలిపోతాంది, చూడవేందయ్యా!" నీళ్లన్నీ ఆమె మీద కుమ్మరించి, కుండ అవతల పడేసి, తడిసిన కొంగుతో విసిరింది. కుండ పగిలిపోయింది. ఐనా ఆ రోజంతా ఊళ్లో దాని మాటే.

"ఎండలో పరిగెత్తితే రక్తం కండలకీ పోవాలి, ఒళ్లు చల్లబరచడానికి చర్మానికీ పోవాలి. ఒక్క గుండె ఎన్ని పనులు చేస్తుందండీ?" అని ఆస్పత్రిలో డాక్టరు మాస్టారిని నిలదీశాడు. "పొద్దున్నే మొదలెట్టి, కొద్దికొద్దిగా పెంచండి. నీళ్లివ్వండి. వాచీని కాదు, పిల్లను చూడండి."

మాస్టారు తల వంచుకున్నాడు. ఆమె కోలుకున్నాక తెల్లవారుజామున పరుగులు, రౌండు రౌండుకూ మజ్జిగ. ఆయన కళ్లు ఆమె మొహం మీదే, వేళ్లు ఆమె మణికట్టు నాడి మీదే. ఆ రెండు వేళ్లను చూసి నేను మళ్లీ కుళ్లిపోయాను. చివరికి నన్ను సొరుగులో పడేశాడు.

పరీక్షనాటి సాయంత్రం సొరుగులోకి శౌరీలు గొంతు వినిపించింది. "పాసయ్యా మాస్టారూ!"

"తల తిరగలేదు గదా తల్లీ? చెమట బాగా పట్టిందా?" అన్నాడాయన.

ఎన్ని నిమిషాల్లో పరిగెత్తిందో ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. ఈ చీకట్లో నేను ఒక్కణ్ణే ఇవాళ్టికీ అడుగుతున్నాను.