వెతకని మునక

మిర్యాలగూడ చుట్టుపక్కల సాగర్ కాలువలో ఎవరు గల్లంతైనా పోలీసులు ముందు ఫోన్ చేసేది పర్వతాలుకే. ముప్పై ఏళ్లుగా అదే పని. అంత గజఈతగాడికీ నీళ్లంటే విసుగు పుట్టింది. పుట్టదా మరి! ఆ బురదనీళ్లలో కళ్లు తెరిచినా ఒకటే, మూసినా ఒకటే. శవం కోసం చేతులతో తడుముకుంటూ పోవాల్సిందే.

కూతురు నిత్య విశాఖపట్నంలో టూరిస్టులకు సముద్రంలో డైవింగ్ నేర్పుతుంది. "నాకు ఈత నేర్పింది నువ్వే గద నాయినా. ఒక్కసారి నాతోటి రా. ఏం దేవులాడకుండ ఉత్తగ మునుగుదువు" అని పట్టుబట్టింది. పర్వతాలుకూ లోలోపల అదే ఆశ. చచ్చేలోగా ఒక్క మునకైనా తనకోసం మునగాలి. రైలెక్కాడు.

పడవ దిగగానే ఉప్పునీళ్లు అతణ్ణి హాయిగా తేల్చి పట్టుకున్నాయి. "చెవులు నొస్తే ముక్కు మూసి గాలి ఊదు. ఆగమాగం గాకు" అంది నిత్య. తనకే పాఠాలు చెబుతుంటే నవ్వొచ్చింది, ముచ్చటా వేసింది.

ఊపిరి బిగబట్టి వేసిన తొలి మునక రెండు నిలువులు. తర్వాత మూడు. నాలుగో నిలువులో నేల కనిపించింది. ఇన్నేళ్లలో నీళ్ల అడుగును కళ్లారా చూడటం అదే మొదలు! పసుపు చారల చేపలు మోచేతి కిందనుంచి పోతుంటే చిన్నపిల్లాడిలా పొంగిపోయాడు. ఊపిరి ఇంకా ఉంది. మరికాస్త లోతుకు పోయాడు. పక్కనే నిత్య కూడా దిగింది.

ఆమె కొప్పు వదులైంది. అదే సమయానికి ఇతని కాళ్ల తాకిడికి ఇసుక రేగి నీళ్లు మసకబారాయి. ఆ మసకలో మెత్తగా ఏదో చేతికి చుట్టుకుంది. జుట్టు. కాలువలో ముందుగా చేతికి తగిలేది ఎప్పుడూ జుట్టే.

తర్వాత జరిగినదానికి అతని మనసుతో పనిలేదు. పిడికిలి బిగిసింది, కాళ్లు నేలను తన్నాయి. పైకి తేలుతూనే పడవ వైపు తిరిగి కేకేశాడు.

"దొరికిందీ!"

పడవలో ఎవరో నవ్వారు. ఆ మాట వినగానే కాలువ గట్టు మీద తల్లులు కూలబడతారని పాపం వాళ్లకేం తెలుసు!

"నేనే నాయినా. సూడు, మంచిగనే ఉన్న" అంటోంది నిత్య, నొప్పికి కళ్లనీళ్లు తిరుగుతుండగా. "ఇడువు నాయినా, జర ఇడువు."

విడవాలనే అతనికీ ఉంది. వేళ్లే మాట వినడం లేదు. పర్వతాలు బావురుమన్నాడు. నిత్య నీళ్లలో తేలుతూనే తండ్రి పిడికిలిని ఒక్కొక్క వేలే విప్పసాగింది.